నీకే అన్న మాట

మదనపల్లెలో గంగులయ్య ప్రింటింగ్ ప్రెస్సుకు వచ్చే పెండ్లి పత్రికలన్నీ సలోమి చేతి మీదుగానే పోయేవి. పొద్దున్నే వచ్చి చీర కొంగు దోపుకుని, సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, అద్దంలో చూసినట్టు తిరగేసి పేర్చేది. వరుడి పేరు, వధువు పేరు, ముహూర్తం, విందు. హిందువులవి పసుపు అట్ట మీద, సాయిబులవి పచ్చ అట్ట మీద, క్రైస్తవులవి తెల్ల అట్ట మీద. "నువ్వు కూర్చిన పత్రికలో తప్పుండదమ్మా" అనేవాడు గంగులయ్య. సలోమి నవ్వి ఊరుకునేది. శనివారం సాయంత్రం గోళ్లలో ఇరుక్కున్న సిరాను కిరసనాయిలుతో కడుక్కుని, ఆదివారం తొలి బస్సుకు పుంగనూరు పోయేది.

పుంగనూరులో దొరల కాలంనాటి రాతి చర్చి ఉంది. అందులో బలిపీఠం ముందు ఎవరు పెండ్లి ప్రమాణం చేసినా ఆ మాటలు పైకి పోయి దూలాల మధ్య నిలిచిపోయేవి. వారం మధ్యలో పోయి బల్ల మీద కూర్చుంటే, కప్పు కింద పిచ్చుకలు చేరినట్టు సన్నగా వినిపించేవి. కొత్త జంటల మాటలు గలగలమనేవి. పాతవి గొణిగేవి. ఎవరైనా చనిపోతే వాళ్ల మాట మెల్లగా పలచబడి, ఏదో ఒక ఆదివారం గంట మోతలో కలిసిపోయేది. దీని గురించి ఆ సంఘంలో ఎవరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కాదు. పాటలు మాత్రం కాస్త గట్టిగా పాడేవాళ్లు.

సలోమికి, ప్రవీణ్‌కు 1994లో అక్కడే పెండ్లయింది. తెల్లచీరలో తలవంచుకుని నిలబడిన సలోమికి ప్రవీణ్ గొంతు నిబ్బరంగా వినిపించింది. "ప్రవీణ్ అనే నేను, సలోమీ, నిన్ను భార్యగా స్వీకరించి, కలిమిలోను లేమిలోను, రోగములోను ఆరోగ్యములోను ప్రేమించి, ఆదరించి, మరణం వరకు నీకే కట్టుబడి ఉంటాను." తర్వాత ఆమె చెప్పింది. రెండు మాటలూ జతగా పైకి పోయాయి.

మూడో ఏడు ప్రవీణ్‌కు కుప్పంలో గ్రానైట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు పని దొరికింది. ఇల్లు చూసి పిలిపిస్తానని పోయాడు. మొదట వారానికొకసారి వచ్చేవాడు, తర్వాత నెలకొకసారి. ఒక ఆదివారం సలోమి ఆరాధన అయ్యాక తల పైకెత్తి విన్నది. ప్రవీణ్ మాటలో "నీకే" లేదు. పన్ను ఊడిన చోట గాలి పోయినట్టు ఆ ఒక్క చోట ఖాళీగా ఉంది.

తర్వాత నెలకే కుప్పం నుంచి వచ్చినవాళ్లు చెప్పారు, అక్కడ ఆయనకు ఇంకొక ఆడమనిషితో వేరే ఇల్లుందని, ఆమెకు బిడ్డ పుట్టాడని. సలోమి టైఫాయిడ్‌తో ఆస్పత్రిలో పడినప్పుడు ప్రవీణ్ రాలేదు. "రోగములోను" పోయింది. ఆమె కుప్పం పోయి గడపలో నిలబడితే, "ఎవరు రమ్మన్యారు నిన్ను?" అని తలుపేశాడు. "ఆదరించి" పోయింది. ఇట్లా ఒక్కొక్కటే రాలిపోయి, చివరికి దూలాల మధ్య మిగిలింది ఇంతే: "ప్రవీణ్ అనే నేను... మరణం వరకు..."

ఇదంతా సంఘంలో ఎవరికీ సరిగ్గా వినపడలేదు. ప్రవీణ్ తల్లి రత్నమ్మ కూర్చునేది ఆ దూలం కిందే. ఆమెకు పాతకాలపు దగ్గు. ఆరాధనలో నిశ్శబ్దం పడితే చాలు, కొంగు అడ్డం పెట్టుకుని దగ్గేది.

2002లో సలోమి మదనపల్లె కోర్టులో విడాకులకు దావా వేసింది. ప్రవీణ్ ఒప్పుకోలేదు. నెలకొక ఆదివారం తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకుని పుంగనూరు చర్చికి వచ్చి ముందు బల్లలో కూర్చునే మనిషి. ఆ ఏడు సంఘ కార్యదర్శి పదవికి నిలబడుతున్నాడు. భార్య విడాకులిచ్చిన మనిషికి ఆ పదవి రాదు. కుప్పం మాటంతా పుకారని, తాను మంచి భర్తనని చెప్పడానికి సంఘ పెద్దలనే కోర్టుకు సాక్షులుగా తెచ్చుకుంటానన్నాడు. పెద్దలూ సరేనన్నారు.

అంతకు ముందు ఒకసారి ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడదామని పాస్టరు ఆశీర్వాదం అయ్యగారు సలోమికి కబురు పంపాడు. తన ఇంట్లో మాట్లాడుకుందామన్నాడు.

"ఇంట్లో వద్దయ్యగారూ, చర్చిలోనే పెట్టండి" అంది సలోమి. "మాటిచ్చింది ఆడ. మాట్లాడేదీ ఆడే."

ఆ శనివారం మధ్యాహ్నం చర్చిలో అయ్యగారు, సంఘ పెద్ద కుప్పుస్వామి, ఇంకో ఇద్దరు పెద్దలు కూర్చున్నారు. ప్రవీణ్ ముందు బల్లలో కాలు మీద కాలేసుకున్నాడు. రత్నమ్మ తన చోట కూర్చుంది. సలోమి నిలబడే ఉంది.

కుప్పుస్వామి హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరైనవాడు. పిల్లలకు పాఠం చెప్పినట్టు మొదలుపెట్టాడు. "సూడమ్మా, పెండ్లంటే కాగితం కాదు. కోర్టువాళ్లు కట్టింది కాదు, వాళ్లు విప్పేదానికి. దేవుడు జతచేసినోళ్లను మనిషి విడగొట్టకూడదు. నీకు తెలీందా?"

"తెలుసయ్యా. ఆ మాట నాకు యాల చెప్తారు? విడగొట్టినాయన ఆడ కూర్చోనుండాడు. ఆయప్పకు చెప్పండి."

"నేనేం విడగొట్టినాను?" ప్రవీణ్ కాలు దించాడు. "నెలనెలా వస్తాండా, పోతాండా. ఎవరో చెప్పిందాన్ని పట్టుకోని ఈమె కోర్టుకెక్కితే నేనేం చేసేది?"

"నేనేమీ చెప్పనక్కర్లే" అంది సలోమి. "రవ్వంతసేపు అందరూ గమ్మునుండండి. అంతే."

అందరూ నోళ్లు మూశారు. బయట ఎద్దుల బండి ఒకటి పోయింది. ఆ చప్పుడు తగ్గాక దూలాల మధ్య మాటలు ఒక్కొక్కటే తేలసాగాయి. ప్రవీణ్ గబుక్కున తల్లి వైపు చూశాడు. రత్నమ్మ కొంగు నోటి దాకా తీసుకుపోయింది. అక్కడే ఆగింది. మెల్లగా కొంగు ఒళ్లోకి దించుకుంది.

ఆమె దగ్గలేదు.

"ప్రవీణ్ అనే నేను... మరణం వరకు..." అంది పైనుంచి గొంతు. మధ్యలో అంతా ఉత్త గాలి. మళ్లీ అదే. "ప్రవీణ్ అనే నేను... మరణం వరకు..." పెద్దల్లో ఒకాయన ముఖం తుడుచుకున్నాడు.

"అమ్మా!" అన్నాడు ప్రవీణ్.

"నన్ను పిలవొద్దురా" అంది రత్నమ్మ. లేచి నిలబడింది. "మీ నాయన మాటలు గూడా ఇట్లే రాలిపాయె. నువ్వు అప్పుటికి పాలు తాగే బిడ్డవు. ఎవురికైనా ఇనపడితే మానం పోతాదని నేను దగ్గడం నేర్చుకుంటి. అందురూ నాకు మందులు తెచ్చిస్తిరి. ఆయన సచ్చినాక మానుదామనుకుంటే నీది మొదులాయె. నీకోసరం గూడా దగ్గినా. ఇంక నా వల్ల కాదురా. నా రొమ్ములో ఊపిరి లేదు."

సలోమి అత్త వైపు చూసింది. ఇన్నేళ్లుగా ఆ దగ్గు మీద తనకు లోపల్లోపల ఎంత కోపముండేదో ఆమెకే తెలుసు. ఆ కోపం ఇప్పుడు ఎటు పోయిందో తెలియలేదు.

కుప్పుస్వామి మాత్రం తగ్గలేదు. వేలు పైకెత్తాడు. "సరేనమ్మా, ఆయనది రాలింది. నీది ఇను మరి. నిండుగా ఉండాది. ఒక్క అక్షరం పోలేదు. అంటే దేవుని ముందర నువ్వింకా ఆయప్ప భార్యవే. ఓర్చుకోని ఉండు, ఆయన మాట తిరిగొస్తాది."

నిజమే. ప్రవీణ్ మాట పక్కనే సలోమి మాట చెక్కుచెదరకుండా మోగుతూనే ఉంది. కలిమిలోను, లేమిలోను, ప్రేమించి, ఆదరించి, నీకే.

"పెండ్లంటే రెండు మాటలు కదయ్యా" అంది సలోమి. "ఒక మాట ఒంటికాలి మీద నిలబడితే దాన్ని పెండ్లంటారా? నేను కోర్టుకు పోతాండేది తెంచేదానికి కాదు. తెగిపోయిందని చెప్పేదానికి. సచ్చినోడికి సమాధి కడితే కట్టినోడు సంపినట్టా? దేవుడు నా మాట ఇన్న్యాడు, ఆయప్ప మాటా ఇన్న్యాడు. ఎవురు తప్పినారో ఆయనకు మీరు చెప్పనక్కర్లే. నేను తప్పలేదు. అందుకే నా మాట నేను తీసకపోతాండా."

బలిపీఠం మెట్టెక్కి, పెండ్లినాడు నిలబడిన చోటే నిలబడింది. ఆనాడు తలవంచుకుంది, ఇప్పుడు ఎత్తింది. తన మాటతో పాటు తానూ మొదటినుంచి చివరి దాకా గట్టిగా చెప్పింది. పై గొంతూ కింది గొంతూ ఒకటయ్యాయి. చివరి మాట అయ్యాక ఆమె నిండుగా ఊపిరి పీల్చుకుంది. అంతే, పైన ఆమె గొంతు లేదు. ప్రవీణ్ మాట ఒక్కటే కాసేపు ఎవరితో చెప్పాలో తెలియనట్టు తచ్చాడి, అదీ ఆరిపోయింది.

అయ్యగారు కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "నేను సాక్ష్యానికి రానులే ప్రవీణూ" అన్నాడు.

"రాకుంటే సాలదయ్యగారూ" అంది సలోమి. "వచ్చి, ఇన్నది చెప్పండి."

వాయిదా రోజున అయ్యగారు రాలేదు. పెద్దలూ రాలేదు. రత్నమ్మ వచ్చింది. పుంగనూరు నుంచి బస్సులో వచ్చి, బోనెక్కి, కొడుకు ముఖం చూస్తూ ఉన్నదున్నట్టు చెప్పింది. ఒక్కసారీ దగ్గలేదు. కొన్నాళ్లకు కోర్టు విడాకులిచ్చింది.

విడాకులు తీసుకున్నవాళ్లు రొట్టె, ద్రాక్షరసం అందుకునే ప్రభురాత్రి భోజనానికి ముందుకు రాకూడదని కుప్పుస్వామి ప్రకటించాడు. ఆ మాట మదనపల్లెకు కూడా చేరింది. నెల మొదటి ఆదివారం సలోమి ఎప్పటిలాగే తొలి బస్సు దిగింది. అందరితో పాటు వరుసలో పోయి, బలిపీఠం ముందున్న కటకటాల దగ్గర మోకరించి, చేతులు చాపింది. పక్కనే రత్నమ్మ మోకరించింది.

అయ్యగారు రొట్టె పళ్లెంతో ఒక్కొక్కరి దగ్గరా ఆగుతూ వచ్చి, సలోమి ముందు నిలిచిపోయాడు. వెనకనుంచి కుప్పుస్వామి గొంతు సవరించుకున్నాడు. అయ్యగారి చెయ్యి కదల్లేదు. సలోమి చేతులూ కదల్లేదు.

"నువ్వు లేమ్మా" అన్నాడు ఆయన, పెదవులు కదిలీ కదలకుండా.

"లేయను. మీరు ఈడ దాటుకోని పోతే యెనిక్కి వచ్చేదాకా ఇట్లే ఉంటా. చేతులు నొప్పి పుడ్తాయి, పుట్టనీ."

ఇంకెవరికీ వినపడకూడదని అయ్యగారు వంగాడు, ఏదో నచ్చజెప్పబోయాడు. అప్పుడు ఆయనకు వినిపించింది. ఆమె నోరు కదలడం లేదు. ఊపిరిలోంచి వస్తోంది. ఆమె తీసుకుపోయిన మాట, ఒక్కటీ పోకుండా. కలిమిలోను లేమిలోను, రోగములోను ఆరోగ్యములోను, ప్రేమించి, ఆదరించి. అందులో ప్రవీణ్ పేరు లేదు. ఆ చోట "ప్రభువా" అని ఉంది.

ఆయన అట్లాగే వంగి చివరి దాకా విన్నాడు. తర్వాత రొట్టె తుంచి, ఆమె అరచేతిలో పెట్టాడు.

"ఆమెన్" అంది సలోమి. గట్టిగానే అంది. కుప్పుస్వామి తలెత్తి చూశాడు. ఆ మాట దూలాల మధ్యకు పోయి అక్కడే నిలిచిపోయింది.