వదిన ఎగిరిన క్షణం

అన్నయ్య కెమెరా కొనిచ్చిన రోజు చిట్టి కాలు నేల మీద నిలవలేదు. ఆమె ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్. వదిన బ్యాడ్మింటన్ క్రీడాకారిణి. పాప పుట్టాక పక్కన పెట్టిన రాకెట్‌ను ఈ మధ్యే మళ్లీ పట్టుకుంది. ఆమె ఆటను ఫొటో తీయాలని చిట్టి సరదా. తీరా తీస్తే ఏముంది, ప్రతి ఫొటోలోనూ వదిన ఒక తెల్లటి మరక. తాను పెళ్లాడింది మనిషినో పొగనో తెలియడం లేదని అన్నయ్య ఆటపట్టించాడు.

చిట్టికి రోషం పొడుచుకొచ్చింది. కెమెరాతో వచ్చిన పుస్తకం ముందేసుకుని కూర్చుంది. లెన్స్‌లో ఉండే ఎపర్చర్ బొమ్మ చూడగానే ఆమె ముఖం విప్పారింది. మైక్రోస్కోప్‌లో స్లయిడ్ కింద రోజూ తను తిప్పే రెక్కల తలుపు లాంటిదే ఇదీ. తెరిస్తే వెలుతురు, మూస్తే చీకటి. ఆ వెలుతురు ఎంతసేపు లోపలికి రావాలో షటర్ చూసుకుంటుంది. అది నిదానంగా మూసుకునేలోపు వదిన చెయ్యి ఎక్కడికో వెళ్లిపోతోంది. మరక గుట్టు అదే. వెలుతురును పట్టే శక్తిని, అంటే ఐఎస్ఓను పెంచితే మసక వెలుతురులోనూ బొమ్మ పడుతుంది, కాకపోతే కాస్త గరుకుగా వస్తుంది.

ఇంట్లో ఫ్యాను వేసి, రెక్కలు విడివిడిగా కనబడేదాకా షటర్ వేగం పెంచుతూ పోయింది. బొమ్మ నల్లబడితే ఐఎస్ఓ పెంచింది. ఇలా పట్టు దొరికింది.

వదిన ఆడుతున్న టోర్నమెంటు ఫైనల్ రోజు హాల్లో దీపాలు అంతంతమాత్రం. ఫ్లాష్ వేయకూడదన్నారు. చిట్టి డయల్‌ను ఆటో నుంచి, అన్నీ తానే పెట్టుకునే ‘ఎం’కు తిప్పింది. ఎపర్చర్ పూర్తిగా తెరిచి, షటర్‌ను సెకనులో వెయ్యో వంతుకు పెట్టి, ఐఎస్ఓ పెంచుకుంది. వదిన మొదటి గేమ్ ఓడి, రెండోది గెలిచి, మూడోదానిలో చివరి పాయింటుకు వచ్చింది. షటిల్ పైకి లేచింది. వదిన ఎగిరింది. చిట్టి ఊపిరి బిగబట్టి నొక్కింది.

హాలంతా చప్పట్లతో మారుమోగింది. చెమటలు కారుతూనే వదిన పరుగున వచ్చి కెమెరా తెరలోకి తొంగిచూసింది. నేలకు అంత ఎత్తున కాళ్లు, రాకెట్ తీగలను తాకుతున్న షటిల్, బిగిసిన పెదవులు. ఒక్క ఈకా చెదరలేదు.

“చిట్టీ, ఇంత పైకి ఎగిరింది నేనేనా?”

“నువ్వే వదినా. నేను ఆపి పట్టుకున్నానంతే.”

అన్నయ్య పాపను ఎత్తుకుని ఆ ఫొటోనే పదే పదే చూశాడు. ఇంతలో ఓడిపోయిన అమ్మాయి వాళ్ల దగ్గరకు వచ్చి నిలబడింది.

“నాది కూడా ఒక్కటైనా పడిందా అక్కా?”

చిట్టి నవ్వి, కెమెరా తెర చూడమని ఆమెకు పక్కన చోటిచ్చింది.