మల్లాపూర్ చేరాల్సిన ఫ్రీజర్

లక్ష్మీరాజం కరెంటు కారు కొన్నది డీజిలు ఖర్చు తప్పుతుందని కాదట, చావింటి సామాను చప్పుడు కాకుండా గల్లీ దాటించడానికట. ఈ మాట తాను అనలేదని, రాజమణి అంటే విన్నానని శంకరవ్వ చెప్పింది. రాజమణిని అడిగితే తనకు శంకరవ్వే చెప్పిందంటుంది. తంగళ్ళపల్లిలో వాళ్లిద్దరి ఇళ్లకూ నడుమ గోడ ఒకటే కాబట్టి మాట ఏ పక్క పుట్టిందో తేల్చడం ఎవరి వల్లా కాలేదు. ఇదివరకు లక్ష్మీరాజం పాత ఆటో స్టార్టు కాగానే వాకిట్లోకి వచ్చి, ఏ ఊళ్లో ఎవరు పోయారని అడిగే వీలుండేది. ఇప్పుడు ఎవరు పోయిందీ తెలియకుండానే ఫ్రీజర్ పోతున్నది. వాళ్ల బాధ అది.

లక్ష్మీరాజానికి ఒకప్పుడు నాలుగు మరమగ్గాలుండేవి. వాటిని అమ్మి సిరిసిల్లలో టెంటుహౌసు పెట్టాడు. కుర్చీలు, షామియానాలు, వంట గంజులతో పాటు శవాన్ని ఉంచే ఫ్రీజర్ కూడా ఒకటి కొన్నాడు. పెళ్లిళ్లు ముహూర్తాలున్న నెలల్లోనే జరుగుతాయి. ఫ్రీజర్‌కు ఆ పట్టింపు లేదు. దాన్ని ఊళ్ల మీదికి తిప్పడానికే ఈ సెకండ్‌హ్యాండ్ కారు కొని, వెనక కట్టడానికి జగిత్యాలలో ట్రాలీ చేయించాడు.

జగిత్యాల వెల్డింగు మేస్త్రీ పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ట్రాక్టరు ట్రాలీలే చేశాడు. ఇది కారుకని చెబితే కొలత తగ్గించాడు గాని ఇనుము తగ్గించలేదు. ముప్పై ఏళ్లు వంగదని మాటిచ్చాడు. లక్ష్మీరాజం పిడికిలితో కొట్టి చూసి, ఇంకో పట్టీ కూడా వేయమన్నాడు. మొదటి వారం కారుకూ ట్రాలీకీ మధ్య కొక్కెంలో పిన్ను టకటక కొట్టుకునేది. కారుకే చప్పుడు లేనప్పుడు దీనికెందుకని మళ్లీ జగిత్యాల పోయి ఆ పిన్నును కొక్కేనికి కలిపి వెల్డింగు చేయించాడు. చప్పుడు పోయింది. అప్పటి నుంచి భార్య శారద పేరంటానికి పోయినా ట్రాలీ వెంట వచ్చేది.

ఏప్రిల్ నెలాఖరులో ఒకరోజు పొద్దున ఏడింటికి మల్లాపూర్ నుంచి అక్క గంగవ్వ ఫోను చేసింది. రామస్వామి బావ తెల్లవారుజామున పోయాడు. వాళ్లకు స్వరూప ఒక్కతే బిడ్డ. భివండిలో మగ్గాల దగ్గర పనిచేసే భర్తతో ఉంటుంది. ఎంత తొందరగా బస్సెక్కినా మర్నాడు పొద్దున గాని చేరలేదు. తాను వచ్చేదాకా నాయినను ఎత్తవద్దని, ఒక్కసారి ముఖం చూస్తానని ఏడ్చి చెప్పిందట. ఎండ చూస్తే నలభై మూడు. కోరుట్లలో ఫ్రీజర్ మాట్లాడానని, గంటలో వస్తుందని గంగవ్వ చెబుతుంటే లక్ష్మీరాజం మధ్యలోనే అందుకున్నాడు.

"నా డబ్బా ఉండంగ బావను కిరాయి డబ్బల పండవెడ్తవా అక్కా? పన్నెండు కొట్టేవరకు నీ వాకిట్ల ఉంట."

"కోరుట్ల దగ్గర గదరా తమ్మీ."

"గాయన నంబరియ్యి. నేనే చెప్త."

చెప్పాడు కూడా. అరగంటలో కోరుట్ల ఫ్రీజర్ ఇంకో ఊరికి, ఇంకొకరి కోసం పోయింది. రామస్వామి పెదనాయిన కొడుకు చిన్నయ్య ఫోను తీసుకుని, సాయంత్రం నాలుగింటి దాకా చూస్తామని, అప్పటికీ ఫ్రీజర్ రాకపోతే ఎత్తుతామని చెప్పాడు. పన్నెండింటికి వచ్చేవాడికి నాలుగింటి గడువెందుకని లక్ష్మీరాజం కొంచెం నొచ్చుకున్నాడు.

ఫ్రీజర్ ఎక్కించాక ట్రాలీలో ఇంకా జాగా కనబడింది. ఖాళీ జాగా చూస్తే టెంటుహౌసు మనిషికి ప్రాణం ఊరుకోదు. చావింటికి జనం రాక తప్పదు గదా అని అరవై కుర్చీలు, ఒక షామియానా, దాని ఇనుప గుంజలు, రెండు గంజులు వేయించాడు. కారు తెర మీద నూటా తొంభై కిలోమీటర్లు పోతుందని చూపిస్తున్నది. మల్లాపూర్ తొంభై. పోయి రావచ్చు, పది మిగులుతుంది.

శారద ముందు సీట్లో కూర్చుని ఆ అంకె వంక చూసింది.

"ఎన్క ట్రాలీ ఉన్నదని దానికి తెల్సునా?"

"దేనికి?"

"గా అంకెలు చూపెట్టేదానికి."

లక్ష్మీరాజం బండి కదిలించాడు. వేములవాడ చేరేసరికి ఆ సంగతి దానికి తెలిసింది. పన్నెండు కిలోమీటర్ల దూరానికి నలభై తగ్గించింది. చందుర్తి దాటాక ఏసీ బందు పెట్టాడు. రుద్రంగి దగ్గర ఎత్తు ఎక్కుతుంటే అంకె చూడవద్దని శారదకు చెప్పి తాను చూస్తూ పోయాడు. సైకిలు మీద పోయే ముసలాయన ఒకడు వాళ్లను దాటుకుని, వెనక్కి తిరిగి చూసి పోయాడు. కథలాపూర్‌లో ఆగేసరికి పదకొండున్నర. తెర మీద ఇరవై. పోవాల్సింది ఇంకా నలభైకి కొంచెం తక్కువ.

ఆటో మాట్లాడి ఫ్రీజర్ అందులో వేసి పంపుదామన్నది శారద. నా బండి మీద తెస్తానని అక్కకు చెప్పి ఆటో వెంట దిగితే ఊళ్లో ఏం విలువ ఉంటుందని ఆయన అన్నాడు. బావ పోయిన ఇంట్లో నీ విలువ ఎవరు చూస్తారని ఆమె అన్నది. అప్పటికి ఆయన ఒక ఇంటి ముందు ఆపి, ప్లగ్గు ఉందా అని అడుగుతున్నాడు.

ఆ ఇంటివాళ్లు ట్రాలీ వైపు చూసి తలుపు వేసుకున్నారు. రెండో ఇంటివాళ్లు చూడకముందే వేసుకున్నారు. చావు ఫ్రీజర్ ఎవరి వాకిట్లో నిలబడితే వాళ్లకు మంచిది కాదని ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఆమాటకొస్తే లక్ష్మీరాజానికీ తెలుసు. తన ఫ్రీజర్‌ను తన ఇంటి ముందు ఏనాడూ పెట్టలేదు. దుకాణం వెనక పెడతాడు. మూడో ఇంటికి పోయేముందు షామియానా విప్పి ఫ్రీజర్ మీద కప్పాడు.

మూడో ఇల్లు దేవవ్వది. ముసలామె. వసారాలో మోటారు ప్లగ్గు ఉన్నది. పెట్టుకోమన్నది, మంచినీళ్లు కూడా ఇచ్చింది. షామియానా కింద ఏముందని అడిగింది.

"ఫ్రిజ్జవ్వా. ఫంక్షనుకు."

"మా మనుమరాలికి గూడ వచ్చే నెల ఫంక్షనే. కూల్‌డ్రింకులు ఎన్ని పడ్తయి దాంట్ల?"

"ఒక్కటే పడ్తది."

దేవవ్వ ఆ పొడుగు చూసి, పాతకాలం సరుకై ఉంటుందని అనుకున్నది. కరెంటు చుక్క చుక్కగా ఎక్కుతున్నది. గంటన్నర కూర్చుంటే పదిహేను కిలోమీటర్లు పెరిగాయి. ఒంటిగంట దాటాక అక్క ఫోను చేసింది. లక్ష్మీరాజానికి ఫోను చెవి దగ్గర పెట్టుకునే అలవాటు లేదు, స్పీకరు పెట్టి అరచేతిలో పట్టుకుంటాడు. శవం పొద్దుటి తీరున లేదని, ఎక్కడున్నావని గంగవ్వ అడిగింది. వసారా అంతా విన్నది. దేవవ్వ లేచి ప్లగ్గు తానే పీకింది. లోపలికి పోయి చెంబుతో పసుపు నీళ్లు తెచ్చి, కారు నిలబడిన చోటు దగ్గర తయారుగా నిలబడింది.

"మా ఫంక్షనుకు నీ ఫ్రిజ్ వద్దు తియ్యి కొడుకా" అన్నది.

కోరుట్లలో ఒక హోటలు ముందు పెద్ద ఛార్జింగ్ పాయింటు ఉన్నది. అరగంటలో బండి నిండుతుందని లక్ష్మీరాజం వినివున్నాడు. రెండింటికి అక్కడికి చేరేసరికి తెర మీద ఐదు మిగిలింది. ఛార్జింగ్ ఎక్కించే రంధ్రం కారుకు వెనక వైపు, మామూలు బండ్లకు పెట్రోలు పోసే చోట ఉంటుంది. కాబట్టి కారును వెనక్కి నడిపి మిషను దాకా పోవాలి. కారు వెనక ట్రాలీ ఉన్నది. ట్రాలీ వెనక మిషను ఉన్నది. ముందు నుంచి పోయి చూస్తే వైరు రెండు గజాలు తక్కువైంది. అడ్డంగా పెట్టి చూస్తే రోడ్డు మీద బస్సులు ఆగాయి.

అక్కడ పనిచేసే అజయ్ అనే అతను వచ్చి, ట్రాలీ విప్పితే అయిపోతుందన్నాడు. తర్వాత వంగి కొక్కెం చూశాడు. చాలాసేపు చూశాడు.

ఎదురుగా వెల్డింగు దుకాణం ఉంటే ఆయన్ని పిలుచుకొచ్చారు. ఆయన కూడా వంగి చూసి, జగిత్యాల పనిలాగా ఉన్నదని మెచ్చుకున్నాడు. కోస్తావా అని అడిగితే, కోయడానికి గంట పడుతుందన్నాడు. కోశాక సంగతి కూడా చెప్పాడు.

"కోస్తే నీ బండికి చార్జింగెక్కుతది, ట్రాలీ రాది. కోయకుంటే ట్రాలీ ఉంటది, బండి పోది. నీకు ఏది గావాల్నో చెప్పు పటేలా."

ఆటో మాట్లాడమని ఈసారి లక్ష్మీరాజమే శారదకు చెప్పాడు. ఆమె రోడ్డు మీదికి పోయింది. మొదటి ఆటోలో మామిడికాయలు మార్కెట్టుకు పోతున్నాయి. రెండో ఆటోవాడు, అందులో శవం ఎక్కి దిగిందా, ఎక్కబోతున్నదా అని అడిగాడు. రెండూ అని ఆమె నిజం చెప్పింది. అతను వెళ్లిపోయాడు. చివరికి సంపత్ అనే అతను, దున్నడానికి పోతున్న ట్రాక్టరు ఆపి, తన బండికి ఆ పట్టింపులేమీ లేవన్నాడు. ట్రాలీ లేదు గాని తాడున్నదన్నాడు.

మూడుంబావుకు బయలుదేరారు. ముందు ట్రాక్టరు, దాని వెనక తాడు, తాడు చివర కారు, కారు వెనక ట్రాలీ. లక్ష్మీరాజం స్టీరింగు పట్టుకుని ముందరి నాగలి పళ్లనే చూస్తూ కూర్చున్నాడు. తాడు రెండుసార్లు తెగింది. దారిలో ఒకచోట జనం ఊరేగింపనుకుని పక్కకు జరిగి దండం పెట్టారు. నాలుగింటికి గంగవ్వకు ఫోను చేశాడు, ఎవరూ ఎత్తలేదు. నాలుగుంబావుకు చేశాడు. ఆ తర్వాత శారద ఫోను ఆయన చేతిలోంచి తీసుకుని తన ఒళ్లో పెట్టుకున్నది.

ఐదింటికి మల్లాపూర్ పొలిమేర చేరేసరికి తడిబట్టలతో జనం ఎదురొచ్చారు. చిన్నయ్య ట్రాక్టరు పక్కన ఆగి, నాలుగింటి దాకా చూశామని, శవం ఇంక ఆగేటట్టు లేదని చెప్పాడు. ఎత్తేముందు స్వరూపకు వీడియోలో చూపించారట. బస్సు ఘాటురోడ్డులో ఉండి సిగ్నలు సరిగా అందలేదట. ముఖం దాకా రాకముందే బొమ్మ ఆగిపోయిందట.

గంగవ్వ వాకిట్లో తమ్ముణ్ని చూసి లోపలికి పోయింది. ఫ్రీజర్ ఎక్కడ దింపాలని ఆయన అడగలేదు. కుర్చీలు మాత్రం పనికొచ్చాయి. శ్మశానం నుంచి వచ్చినవాళ్లు అరవై కుర్చీల్లోనూ కూర్చున్నారు, సరిపోక కొందరు నిలబడ్డారు. పొద్దుగూకేముందు ఎవరో కిటికీలోంచి వైరు తీసి కారుకు ప్లగ్గు పెట్టారు. చావింటి కరెంటుకు ఏ అంటూ లేదు, అడ్డం చెప్పేవాళ్లూ లేరు.

మర్నాడు ఏడింటికి స్వరూప వచ్చింది. కోరుట్లలో బస్సు దిగితే కారు తెస్తానని లక్ష్మీరాజం ఫోనులో చెప్పాడు గాని ఆమె ఆటోలో వచ్చింది. తల్లిని పట్టుకుని ఏడ్చింది. నాయిన పడుకున్న చోట వెలిగించిన దీపం ముందు కూర్చున్నది. తర్వాత వాకిట్లోకి వచ్చి చెంబుతో కాళ్లు కడుక్కుని, ఒక కుర్చీలో కూర్చుని, ఎదురుగా ఉన్న ట్రాలీ వంక చూసింది. షామియానా పక్కకు జరిగి ఫ్రీజర్ అద్దంలో ఎండ మెరుస్తున్నది.

వాకిట్లో చిన్నయ్య, శారద, మరో పదిమంది ఉన్నారు. లక్ష్మీరాజానికి ఏదో ఒకటి చేసిపెట్టాలనిపించింది. రాత్రంతా అదే ఆలోచించాడు. చేయగలిగింది ఒక్కటే కనబడింది. పోయి కారు తెర చూసి వచ్చి, ఆమె కుర్చీ పక్కన నిలబడ్డాడు.

"బిడ్డా, బండి నిండ చార్జింగెక్కింది. ఏడికి పోవాల్నన్నా చెప్పు, నేను తీస్కపోత."

స్వరూప ఆయన వైపు తిరిగింది.

"నేను మా నాయిన మొకం చూడ వచ్చిన మామా. గదేడుంటే గాడికి తీస్కపో."