ఏడో కీమో

కటింగ్ టేబుల్ దగ్గర ఇరవై రెండేళ్లుగా నిలబడిన మనిషి ఆమె. యూనిఫాంలు కుట్టే ఆ వర్క్‌షాపులో పదిహేను మిషన్లకూ గుడ్డ కత్తిరించి ఇచ్చేది ఆమె ఒక్కతే. అందుకే చిన్నా పెద్దా అందరికీ ఆమె మాస్టరమ్మ. మనిషిని ఒక్కసారి ఎగాదిగా చూసి భుజం కొలత చెప్పేసేది. చేతికెంత పనో నోటికీ అంతే పని. ఆమె ఉన్నచోట నవ్వులకు కరువుండేది కాదు.

ఆ నోరు ఆస్పత్రిలోనూ ఆగలేదు. ఎడమ రొమ్ములో ఉన్నది క్యాన్సర్ గడ్డేనని, ఎనిమిది సార్లు కీమో ఎక్కించి దాన్ని తగ్గించాకే ఆపరేషన్ అని డాక్టరమ్మ చెప్తున్నప్పుడు పక్కన చెల్లెలు కళ్లొత్తుకుంటోంది. మాస్టరమ్మ మాత్రం, "జుట్టు ఊడుతుంది, అంతేగా డాక్టరుగారూ? రోజూ చిక్కు తీసుకునే బాధ తప్పుతుంది" అంది.

డాక్టరమ్మ నవ్వింది. "ఇలాగే ఉండండి. సగం మందు ఇదే."

ఆ మాటను చెల్లెలు గట్టిగా పట్టుకుంది. భర్త పోయినప్పటి నుంచి మాస్టరమ్మకు ఇంట్లో తోడు ఆ చెల్లెలే. మర్నాడే మంచానికెదురుగా గోడ మీద ఒక కాగితం అంటించింది. 'నేను ధైర్యంగా ఉన్నాను. నేను గెలుస్తాను' అని పెద్దక్షరాలు. మాస్టరమ్మ అది చదివి, "కింద సంతకం కూడా నువ్వే పెట్టెయ్" అంది.

మొదటి నాలుగు కీమోలూ ఎలాగో గడిచాయి. వర్క్‌షాపు నుంచి ఇద్దరు వంతులేసుకుని వచ్చేవాళ్లు. ఒకరు చొక్కాలకు కాజాలు తీసే కాజాల వదిన. చుట్టరికమేమీ లేదు, ఇరవై ఏళ్లుగా ఒకరినొకరు ఆటపట్టించుకుని అలా వరసైపోయింది. రెండో వారంలో దువ్వెనకు కుచ్చులుగా జుట్టు వస్తుంటే ఆమే జుట్టు తీసే మిషన్ తెచ్చి, స్టూలు మీద కూర్చోబెట్టి గుండు చేసింది. రెండోవాడు ఇస్త్రీ బాబాయి. అరవై ఏళ్ల మనిషి, నోట్లో నాలుక లేదు. కీమో ఎక్కుతున్న నాలుగు గంటలూ కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చునేవాడు. వాళ్లను చూడగానే మాస్టరమ్మ ఏదో ఒకటి అని నవ్వించేది. నోరంతా పుండ్లు పడి మంచినీళ్లు కూడా మంట పుట్టిస్తున్నప్పుడు సైతం, సైగలతో నవ్వించింది. వాళ్లు వెళ్లాక గోడవైపు తిరిగి పడుకునేది.

ఐదోసారి నుంచి మందు మార్చారు. వేళ్ల చివర్లు తిమ్మిరెక్కడం మొదలైంది. చేతులెలా ఉన్నాయని డాక్టరమ్మ అడిగితే, "చీమలు పాకుతున్నాయండీ. ఈ వయసులో తీపెక్కానేమో" అంది. డాక్టరమ్మ నవ్వి, ఎక్కువైతే చెప్పమంది. ఎక్కువైంది. చెప్పలేదు. గుండీ పెట్టుకోవాలంటే అద్దంలో చూసుకోవాల్సి వస్తోందని చెల్లెలికి కూడా చెప్పలేదు.

ఆరో కీమో అయిన పది రోజులకు, ఇంట్లో ఉంటే పిచ్చెక్కుతోందని వర్క్‌షాపుకు వెళ్లింది. ఆ రోజు పని ఆస్పత్రి సిబ్బందికి తెల్ల కోట్లు. గుడ్డ ఆరు పొరలుగా పరిచి ఉంది. సుద్దతో గీతలు గీసి, పన్నెండంగుళాల కత్తెర అందుకుంది. వేళ్లకు పట్టు తెలియకపోయినా చెయ్యికి దారి తెలుసు కదా అనుకుంది. సగం దూరం పోయాక పక్కన ఎర్రగా ఏదో కనపడింది.

"ఈ మరకేంటి? తెల్లగుడ్డని ఎవరు ముట్టుకున్నారు?" అని అరిచింది.

మిషన్లు ఆగిపోయాయి. కాజాల వదిన పరుగున వచ్చి మాస్టరమ్మ ఎడమచెయ్యి పట్టుకుని పైకెత్తింది. చూపుడువేలి చివర గోటి పక్కగా తెగి, రక్తం మోచేతి దాకా కారుతోంది.

మాస్టరమ్మ ఆ వేలివంక ఎవరిదో అన్నట్టు చూసింది. నొప్పి లేదు. గీత కూడా తప్పింది. చంక దగ్గర తిరగాల్సిన వంపు నేరుగా పోయి ఆరు కోట్లూ పాడయ్యాయి. కొత్తగా చేరినప్పుడు కూడా ఆమె ఇలా చెడగొట్టలేదు. కత్తెర టేబుల్ మీద పెట్టి, ఎవరి ముఖమూ చూడకుండా బయటికి నడిచింది.

ఇంటికొచ్చి పడుకున్న మనిషి మళ్లీ గడప దాటలేదు. రేపు ఏడో కీమో అనగా, రానని చెప్పేసింది.

"ఇంకా రెండేగా అక్కా! ఇన్ని చేయించుకుని ఇప్పుడా? పాజిటివ్‌గా ఆలోచించు. డాక్టరుగారు ఏమన్నారు?" అంది చెల్లెలు.

మాస్టరమ్మ లేచి, గోడ మీది కాగితం చింపేయబోయింది. అంచు వేళ్లకు దొరకలేదు. రెండుసార్లు ప్రయత్నించి, అరచేత్తో దాన్ని నలిపేస్తూ అరిచింది. "ఎవరే ధైర్యంగా ఉంది? గడ్డ పోతే ఏం మిగులుతుంది నాకు? ఈ చేతులు తప్ప నా దగ్గర ఇంకేం ఉందే?"

ఆ సాయంత్రం వదినా బాబాయీ వచ్చారు. "మిమ్మల్ని నవ్వించమని నన్ను అడక్కండి. మీకు ధైర్యం చెప్పీ చెప్పీ నా దగ్గర అయిపోయింది" అంది మాస్టరమ్మ.

వదిన మంచం అంచున కూర్చుంది. మెల్లగా అంది. "మాకు తెలుసే. నువ్వు నవ్విస్తుంటే మా భయం పోయేది. అందుకే తెలియనట్టు ఊరుకున్నాం. తప్పు మాదే."

మాస్టరమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

బాబాయి గుమ్మం దగ్గరే నిలబడి గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయ్, నాకు చెప్పడం చేతకాదు. రేపు ఎనిమిదింటికి ఆటో తెస్తా. రావాలనిపిస్తే రా. లేకపోతే లేదు."

మర్నాడు ఎనిమిదింటికి ఆటో వచ్చి వీధిలో ఆగింది. మాస్టరమ్మ కిటికీలోంచి చూసింది. వెనకసీట్లో వాళ్లిద్దరూ. హారన్ కొట్టలేదు, పిలవలేదు. పదకొండు దాకా కూర్చుని వెళ్లిపోయారు. ఆ రోజు కీమో తప్పిపోయింది. ఆస్పత్రివాళ్లు మూడు రోజుల తర్వాత రమ్మన్నారని చెల్లెలు చెప్పింది, అంతకుమించి ఒక్క ముక్క అనలేదు. ఆ మూడు రోజులూ మాస్టరమ్మ అన్నం సరిగ్గా తినలేదు. బతకాలని లేదు, చావాలని కూడా లేదు. పొద్దు ఎక్కుతోంది, దిగుతోంది, అంతే.

నాలుగో రోజు పొద్దున మళ్లీ ఆటో. వాన పడుతోంది. పక్కల నుంచి జల్లు కొట్టి బాబాయి చొక్కా తడిసిపోయింది, అయినా ఆయన కదలకుండా కూర్చున్నాడు. తొమ్మిదిన్నరకు మాస్టరమ్మ చెప్పులేసుకుంది. ధైర్యం వచ్చి కాదు. కాదనడానికి కూడా ఓపిక లేక.

డాక్టరమ్మ ఎప్పటిలాగే, "ఎలా ఉన్నారు?" అంది. నోటిదాకా వచ్చిన చమత్కారాన్ని మాస్టరమ్మ మింగేసింది. కట్టు కట్టిన వేలు టేబుల్ మీద పెట్టింది. "బాగాలేనండి. వేళ్లకు ఏమీ తెలియట్లేదు. కోసుకున్నా తెలియలేదు. నాకు చచ్చేంత భయంగా ఉంది."

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టేసింది. సూదితో ఒక్కొక్క వేలూ పరీక్షించింది. "ఇది ముందే చెప్పాల్సింది మీరు. నేనూ ఇంకా గుచ్చి అడగాల్సింది" అని మందు మోతాదు తగ్గించి రాసింది. తిమ్మిరి పోతుందా అని వదిన అడిగితే, కొందరికి ఏడాదిలో తగ్గుతుందని, కొందరికి పూర్తిగా పోదని, ఇప్పుడే మాట ఇవ్వలేనని చెప్పింది.

లోపల నర్సుకు నరం దొరకలేదు. మూడుసార్లు గుచ్చింది. నాలుగోసారి మాస్టరమ్మ భోరుమంది. ఆరు కీమోలలో ఎవరి ముందూ ఏడవని మనిషి, వెక్కుతూ, ముక్కు కారుతూ, చుట్టూ నలుగురున్నారని లేకుండా ఏడ్చింది. వదిన ఊరుకోమనలేదు. కొంగుతో ముక్కు తుడిచి, ఆ తల తన పొట్టకు ఆనించుకుంది. బాబాయి పక్క మంచాల వాళ్లకు కనపడకుండా అడ్డంగా నిలబడ్డాడు.

ఎనిమిదోది ఇంకా కష్టమైంది. రక్తకణాలు పడిపోయి, జ్వరంతో ఆరు రోజులు ఆస్పత్రిలోనే ఉంది. ఎవరూ గెలుస్తావనలేదు. "ఈ రోజు ఎలా ఉంది?" అని అడిగేవాళ్లు. "దరిద్రంగా ఉంది" అనేది. "సరే" అని కూర్చునేవాళ్లు.

నెల తర్వాత స్కానింగ్ రిపోర్టు వచ్చింది. గడ్డ సగానికి పైగా కరిగింది. మూడు వారాల్లో ఆపరేషన్ చేయొచ్చు. ఆ తర్వాత సంగతి అప్పుడే తెలుస్తుంది. చెల్లెలు సంతోషించాలో లేదో తెలియక అక్క ముఖంలోకి చూసింది.

"నాకూ తెలియట్లేదే" అంది మాస్టరమ్మ. "కానీ ఆకలేస్తోంది."

ఆస్పత్రి లిఫ్టు పనిచేయడం లేదు. అరికాళ్లు కూడా మొద్దుబారడంతో మెట్టు ఎక్కడుందో ఆమెకు తెలియడం లేదు. ఒక పక్క వదిన, ఒక పక్క చెల్లెలు పట్టుకున్నారు. బాబాయి ఆమెకెదురుగా ఒక మెట్టు కింద నిలబడి, రెండు చేతులూ ముందుకు చాచి, వెనక్కి వెనక్కి దిగుతూ, "ఇంకొకటి అమ్మాయ్. ఇంకొకటి" అంటూ మూడంతస్తులూ దింపాడు.