నడుమ గడిలో చుక్క

సకినాల వెబ్‌సైటు తెరవగానే స్వాతికి ఒళ్ళు మండింది.

పైన పెద్ద అక్షరాలతో ‘మా ఆడబిడ్డల చేతి సకినాలు’ అని ఉంది. కింద వరసగా ఫోటోలు. ఏ ఫోటో చూసినా నట్టనడుమ కుర్చీలో ప్రేమలతమ్మ! పిండిలో ఏనాడూ వేలు పెట్టని ఆవిడ చేతిలో ఒక సకినం. ఆడబిడ్డలు మాత్రం ఎక్కడా లేరు. ఒక్క ఫోటోలో ఎడమ అంచున పిండి అంటిన మోచేయి కనిపించింది. అది స్వాతి తల్లి కట్టమ్మది.

ఫోటోలు తీసింది స్వాతే. బచ్చన్నపేట దగ్గర ప్రేమలతమ్మ కొడుకు యుగేందర్ సకినాల షెడ్డు పెట్టాడు. కట్టమ్మ అక్కడ సకినాలు చుడుతుంది, స్వాతి జనగామ ఆఫీసులో ఆర్డర్లు చూస్తుంది. ఫోటోల రోజున ఆడవాళ్ళంతా పెట్టెల్లో దాచుకున్న చీరలు కట్టుకొచ్చారు. తీరా కూర్చునే వేళకు ప్రేమలతమ్మ కుర్చీ వచ్చింది. ఊరి పెద్దింటి పటేలమ్మ వస్తే నడుమ చోటు వదిలి అంచులకు జరగడం ఆ ఊళ్ళో ఒకరు చెప్పక్కర్లేని అలవాటు. అందరూ జరిగారు. అందరూ పడాలని స్వాతి ఫోన్ అడ్డంగా పట్టుకొని, గోడకు ఆనుకునేదాకా వెనక్కి నడిచి మరీ తీసింది.

“నేను పడ్డనా బిడ్డా?” అని ఆ పొద్దు నుంచీ అడుగుతూనే ఉంది కట్టమ్మ.

“సక్కగ పడ్డవే అవ్వా. సైటుల చూపిస్త” అని మాటిచ్చింది స్వాతి. ఇప్పుడేం చూపించాలి, మోచేయా?

వెబ్‌సైటు చేసింది యుగేందర్ చిన్నాయన కొడుకు రోహిత్. పక్క కుర్చీలోనే ఉన్నాడు.

“ఏందన్నా గిది? మనుషులందరినీ కోసేసినవ్!”

“నేనెందుకు కోస్త? ఫోటోలు మస్తు పెద్దగున్నయ్, సైటు తెరుసుకుంట లేదు. అన్నీ ఒక్కపారి కంప్యూటర్ల ఏసి స్క్వేర్ చేసిన. సైజు గట్లనే ఉంటది.”

“ఫోటో మొత్తం వచ్చేటట్టు చెయ్యరాదా?”

“చేస్తే పైన కింద తెల్లగ జాగ మిగుల్తది, గలీజుగుంటది. అయినా ముఖ్యమైనోళ్ళు పడ్డరు గద!” అని రోహిత్ చాయ్‌కి లేచిపోయాడు.

ముఖ్యమైనవాళ్ళట! తెల్లారకముందే పిండి కలిపేది ఎవరు? వేళ్ళు కొంకర్లు పోయేదాకా చుట్టేది ఎవరు? స్వాతి విసురుగా అతని కుర్చీలో కూలబడింది. ఫోటోను ఎక్కడ ఉంచి ఎక్కడ కోయాలో అడిగే చిన్న పెట్టె తెర మీద ఉంది. అందులో తొమ్మిది గళ్ళు, నడుమ గడిలో చుక్క. కంప్యూటర్‌ను అనడానికేముంది, ఎక్కడ చుక్క పెడితే అక్కడ ఉంచుతుంది. ఆమె సగం ఫోటోలకు ఆ చుక్కను ఎడమకు జరిపింది, మిగతా సగానికి కుడికి. కట్టమ్మా, ఆమె పక్కన సకినాలు చుట్టే అండాలూ, అంచుల వాళ్ళంతా నిండుగా వచ్చారు. వాటినే సైటులో పెట్టేసింది.

సాయంత్రంలోగా రోహిత్ ఫోన్ మోగింది. ప్రేమలతమ్మ గొంతు గదంతా వినిపించింది.

“నా మొకం సగం కోసింది ఎవడ్రా? ఒక దాంట్ల కుడి చెవు, ఇంకో దాంట్ల ఎడమ చెవు! సుట్టాలంత నవ్వుతున్నరు!”

రోహిత్ తెల్లమొహం వేశాడు. స్వాతి ఫోన్ అందుకుంది. “సైజమ్మా. గట్లనే ఉంటదట.”

ఆ తర్వాత రోహిత్ చకచకా ఫోటోలన్నీ మార్చాడు. ఈసారి ఏ ఫోటోలోనూ ఎవరూ తెగలేదు. పైనా కిందా తెల్లటి జాగా మిగిలింది, అదేమంత గలీజుగా కూడా లేదు. అది చూశాక స్వాతి కోపం చల్లారలేదు సరికదా, రెట్టింపయింది. అంతమంది ఆడవాళ్ళు మాయమైతే దొరకని జాగా, పటేలమ్మ చెవి పోయేసరికి దొరికింది!

మర్నాడు షెడ్డుకు వెళ్ళి తల్లికి ఫోన్ చూపించింది. కట్టమ్మ చేతులు కొంగుకు తుడుచుకొని వంగి చూసింది.

“పడ్డ! జర చిన్నగ పడ్డ గని, పడ్డ” అని మురిసిపోయింది. కాసేపటికి ఫోటోకు పైనున్న తెల్లటి చోట వేలు పెట్టింది. “గింత జాగ ఉండంగ మమ్ములనెందుకు కోసిండ్రు బిడ్డా?”

స్వాతి రోహిత్‌కు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, తల్లి ముందు పట్టింది.

“మల్ల అడుగవ్వా.”