నల్లదా, వెండి రంగుదా

ముందు మూలలు చూడాలి. ప్రెస్‌లో నాకు పని నేర్పిన పెద్దాయన చెప్పిన మొదటి మాట అది. యంత్రంలోంచి షీటు బయటికి రాగానే ఎవరి కళ్ళయినా నడుమ ఉన్న బొమ్మ మీదికే పోతాయి. లోపం మాత్రం మూలల్లోనే మొదలవుతుంది. రంగు మీద రంగు పక్కకు జరిగేది అక్కడే, అక్షరం అలుక్కుపోయేది అక్కడే. ఇరవై ఆరేళ్ళుగా నేను భూతద్దం పెట్టి నాలుగు మూలలూ చూసి, అవి బాగున్నాయనుకున్నాకే నడిమికి వస్తాను. నేను సంతకం పెట్టనిదే మా ప్రెస్‌లో ఏ పనీ అచ్చుకు వెళ్ళదు.

ఈ అలవాటు ఇంట్లోకీ వచ్చింది. ఏ వస్తువు కొనాలన్నా నాకు తెమలదు. "మా బావ గొడుగు ఎంచుకునేసరికి వానాకాలం వెళ్ళిపోతుంది" అని మా బావమరిది ఊరంతా చెబుతుంటాడు. అది అబద్ధమని నేనెప్పుడూ అనలేదు.

నా భార్యకు కింది దవడలో ఎడమవైపు గడ్డ ఉందని తేలింది. డాక్టరు కాగితం మీద దవడ బొమ్మ గీసి, అందులో కొంత భాగాన్ని పెన్సిలుతో నలుపు చేశాడు.

"ఇంతమేరకు తీసేస్తాం. ప్రాణానికి భయం లేదు. ముఖం మాత్రం కొంత మారుతుంది. పెదవిని కదిపే నరం కూడా ఈ దారిలోనే ఉంది."

"కొంత అంటే ఎంతండీ?" అని అడిగింది ఆమె.

ఆయన పెన్సిలు కింద పెట్టాడు. "మెల్లగా అలవాటవుతుందమ్మా" అన్నాడు.

ఆపరేషన్‌కి పది రోజుల గడువు. బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆమె నా వైపు చూడకుండా అంది: "ఏవండీ, నాకొక ఫోటో తీయండి. నవ్వుతుండగా."

ఆమె నవ్వుతున్న ఫోటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. ఎడమవైపు కోరపన్ను పక్కపన్ను మీదికి ఎక్కి ఉంటుంది. చిన్నప్పుడు ఎవరో ఏదో అన్నారట. పెళ్ళి ఫోటోల నుంచి బడిలో ఇచ్చిన గుర్తింపు కార్డు దాకా అన్నింట్లోనూ పెదవులు బిగించే ఉంటుంది. ఆమె పనిచేసే బడిలో చంటిపిల్లలకు కథలు చెబుతుంది. పిల్లలు పగలబడి నవ్వుతారు కానీ తను ముసిముసిగానే నవ్వుతుందట. ఇంట్లో, నా ఎదుట మాత్రం, ఇల్లు ఎగిరిపోయేలా నవ్వుతుంది. ఆ పన్ను అప్పుడు బయటపడుతుంది. దాన్ని చూసే భాగ్యం నా ఒక్కడికే ఉందని నాకు లోలోపల కాస్త గర్వం కూడా.

"స్టూడియోకి వెళ్దామా?" అన్నాను.

"అక్కడ నాకు నవ్వు రాదు. మీరు తీస్తే వస్తుంది. మిమ్మల్ని చూస్తే ఎవరికైనా వస్తుంది."

"ఫోనుతో తీస్తే పెద్దది చేసినప్పుడు పిండి రాలినట్టుంటుంది. ముందు గదిలో గోడంత అచ్చు వేయిస్తాను. మంచి కెమెరా తెస్తాను."

"తెండి. కానీ ఈ జన్మలో తెండి" అంది. అని నవ్వింది. బస్టాపులో, పదిమందిలో. నా దగ్గర ఏ కెమెరా లేదు.

కెమెరా షాపాయన బిల్లు పుస్తకాలు మా ప్రెస్‌లోనే అచ్చవుతాయి. ఆ చనువుతో రెండు కెమెరాలు నా చేతిలో పెట్టాడు. రెండూ అరచేతిలో ఇమిడేవే. లోపల వెలుతురును పట్టే సెన్సరు మాత్రం పెద్ద కెమెరాల్లో ఉండేదానికి తీసిపోదు.

"ఈ నల్లదానికి సెన్సరు ఇంకాస్త పెద్దదండీ. కిటికీ వెలుతురు చాలు, ముఖం మీద నీడ కూడా మెత్తగా పడుతుంది. కానీ జూమ్ లేదు. దగ్గరగా కావాలంటే మీరే నడిచి వెళ్ళాలి. ఈ వెండి రంగుదానికి జూమ్ ఉంది. దూరం నుంచి తీస్తే ముఖం పొందికగా వస్తుంది. దేని అందం దానిదే."

"రెండింట్లో ఏది మంచిది?"

"అది తెలిస్తే నేను ఒక్కటే అమ్మేవాణ్ణి కదండీ. రెండూ పట్టుకెళ్ళండి. సోమవారం సాయంత్రం ఏదో ఒకటి చెప్పండి."

అది శుక్రవారం. సోమవారం నాకు సెలవు. పొద్దున్న తొమ్మిదింటికి మా తూర్పు కిటికీలోంచి వెలుతురు పల్చగా గదిలోకి వస్తుంది. అసలు ఫోటో అప్పుడు తీయాలనీ, ఈలోగా రెండు కెమెరాలనూ పరీక్షించి ఒకటి ఖాయం చేసుకోవాలనీ అనుకున్నాను.

పరీక్ష అంటే నాకు తెలిసిందొకటే. మూలలు. అక్షరాలు సన్నగా ఉంటే అలుకుడు వెంటనే తెలుస్తుంది. అందుకని ఆమె చేతికి దినపత్రిక ఇచ్చి, గోడవార చివరన నిలబెట్టి, పేజీ పూర్తిగా విప్పి ముఖానికెదురుగా పట్టుకోమన్నాను. కెమెరాలో చూస్తే ఆమె సరిగ్గా ఎడమ మూలకు వచ్చింది. తర్వాత కుడి మూలకు జరగమన్నాను. నల్లదానితో ఒకసారి, వెండిదానితో ఒకసారి. దగ్గర నుంచి, దూరం నుంచి. ప్రతిసారీ భూతద్దంలో చూసినట్టే తెరమీద పెద్దది చేసి చూసి, ప్రెస్ పుస్తకంలో రాసినట్టే కాగితం మీద రాసుకున్నాను: నల్లది, ఎడమ మూల, బాగుంది. వెండిది, కుడి మూల, అదీ బాగుంది.

ఆదివారం పొద్దున బావమరిది వచ్చాడు. గుమ్మంలో నిలబడి ఈ తంతు చూశాడు.

"ఏంటి బావా, మా అక్కని పేపరు స్టాండు చేశావా?"

"నోర్మూసుకుని కూర్చోరా. పరీక్ష."

"ఎవరికి? అక్కకా, నీకా? పెళ్ళిచూపుల్లో కూడా ఇలాగే మూలన నిలబెట్టి చూశావా ఏంటి?"

పేపరు కదిలింది. వెనకనుంచి ఆమె గొంతు వచ్చింది: "లేదురా, అప్పుడు భూతద్దం మరిచిపోయి వచ్చారు. లేకపోతే నేను ఇప్పటికీ పుట్టింట్లోనే ఉండేదాన్ని."

"అదృష్టవంతురాలివి. పెళ్ళికి ముహూర్తం ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఈ పాటికి రెండో సంబంధంతో పోల్చి చూస్తుండేవాడు."

ఆమె పగలబడి నవ్వింది. పేపరు గలగలలాడింది. "కదలకు! అక్షరాలు చెదిరిపోతున్నాయి" అన్నాను నేను. ఆమె ఇంకా నవ్వింది. వాడు ఒకటి అనడం, ఆమె నవ్వడం, నేను కసురుకోవడం. అలా ఒక గంట. చెదిరిన వాటినన్నింటినీ అక్కడికక్కడే చెరిపేశాను. ప్రెస్‌లో చెడిన షీటును ఉంచుకోం, మంచివాటిలో కలిసిపోతుంది.

మధ్యాహ్నం మూడింటికి ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. మరొకరి ఆపరేషన్ వాయిదా పడిందట. డాక్టరు వచ్చే వారాంతంలో ఊళ్ళో ఉండడట. రేపు ఉదయమే చేసేస్తాం, ఈ సాయంత్రం ఐదింటికల్లా వచ్చి చేరమన్నారు.

ఆమె మూట సర్దుకుంది. చీర మార్చుకుని కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది. ఆ వేళకు వెలుతురు ఇంటి అవతలి వైపుకు పోయింది.

"రండి. ఏదో ఒకదానితో తీసేయండి."

నా చేతుల్లో రెండూ ఉన్నాయి. నిజం చెబుతున్నాను, ఏది ఎత్తాలో నాకు అప్పుడు కూడా తోచలేదు. నల్లది ఎత్తాను. దించి వెండిది ఎత్తాను.

"నవ్వు" అన్నాను.

ఆమె నోరు తెరిచింది. పన్ను కనిపించింది. కళ్ళలో ఏమీ లేదు. పళ్ళ డాక్టరు ముందు కూర్చున్న మనిషిలా ఉంది. బావమరిది ఏదో హాస్యమాడబోయి, ఆమె మూట అందుకుని గుమ్మం వైపు నడిచాడు. నేను పన్నెండు ఫోటోలు తీశాను.

"వచ్చిందా?" అంది.

"వచ్చింది" అన్నాను. పెళ్ళయ్యాక నేను ఆమెతో ఆడిన అబద్ధాలు కొన్నే. ఇది అందులో ఒకటి.

మర్నాడు ఆపరేషన్ ఆరు గంటలు పట్టింది. బయట ఇనుప కుర్చీల్లో నేనూ బావమరిదీ కూర్చున్నాం. నేను దేవుణ్ణి తలుచుకుంటూనే ఉన్నాను. నాకు తెలిసిన స్తోత్రాలన్నీ అయిపోయి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. కాసేపటికి వాడు సంచిలోంచి కెమెరాలు తీసి, "ఏవీ, చూపించు బావా" అన్నాడు.

మొత్తం నూట ఎనభై పైచిలుకు. ఒక్కొక్కటే జరుపుకుంటూ పోయాం. గోడ. గోడ. మూలన పేపరు. పేపరును పట్టుకున్న వేళ్ళు. పైన పాపిడి. కింద చీర కుచ్చిళ్ళు. ఒకదాంట్లో పేపరు కాస్త వాలి, కన్ను చివర, చెంప అంచు కనిపించాయి. చెంప పైకి లేచి ఉంది.

"ఇక్కడ అక్క నవ్వుతోంది కదూ?"

"అవును."

"ఇది నేను పెళ్ళిచూపుల మాట అన్నప్పటిది."

"కాదు. అప్పటివి చెరిపేశాను."

వాడు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. తెర మీద అక్షరాలు మాత్రం ఎంత స్పష్టంగా ఉన్నాయంటే, వాతావరణ వార్త మొత్తం చదువుకోవచ్చు. మూలలు బాగున్నాయి. రెండింట్లోనూ.

ఆమె బతికింది. గడ్డ మొత్తం తీసేశామని డాక్టరు అన్నప్పుడు నేను ఆయన కాళ్ళ మీద పడబోయాను. వారం తర్వాత కెమెరాలు తీసుకుని షాపుకు వెళ్ళాను. గడువు దాటినా ఆయన ఏమీ అనలేదు.

"ఏది నచ్చిందండీ?"

"రెండూ మంచివేనండీ. ఏ లోపమూ లేదు" అని గాజు బల్ల మీద పెట్టేసి వచ్చాను.

రోజూ దీపం పెట్టి దణ్ణం పెట్టుకుంటాను. ఆమె ప్రాణం నిలబెట్టమని అడిగాను, నిలబెట్టాడు. నవ్వు గురించి అడగలేదు. అడగాలని తోచలేదు. మనిషిని ఇమ్మంటే నవ్వుతో సహా అని విడిగా చెప్పాలా తండ్రీ? ఫిర్యాదు కాదు. అడిగినది ఇచ్చినవాడి ముందు ఫిర్యాదుకు నోరెలా వస్తుంది? తెలియక అడుగుతున్నాను, అంతే.

ఐదు వారాలయ్యేసరికి ఆమె మెత్తని అన్నం తింటోంది. పెదవులు కలవవు కాబట్టి కొన్ని మాటలు నాకు రెండుసార్లు చెప్పించుకుంటే గానీ అర్థం కావు. కుట్లు లాగినప్పుడు గొంతులోంచి ఒక మూలుగు వస్తుంది. అది వినగానే మందు తెచ్చి ఇవ్వడం నా పని.

నిన్న సాయంత్రం బావమరిది వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. నేను వంటింట్లో ఉన్నాను. ఆ మూలుగు వినిపించింది. ఎన్నడూ లేనంత గట్టిగా, ఆగి ఆగి. మందు సీసా, కొలత మూత పట్టుకుని పరుగెత్తాను.

"ఎక్కడ? ఎక్కడ నొప్పి?"

"నొప్పి కాదు బావా" అన్నాడు వాడు. "అక్క నవ్వుతోంది."

నేను నిలబడిపోయాను. ఆమె ముఖంలో కుడివైపు కొంచెం పైకి లేచి ఉంది. ఎడమవైపు కదలలేదు. ఇరవై నాలుగేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, పక్కగదిలో నుంచి కూడా ఆనవాలు పట్టిన నవ్వును నేను నొప్పి అనుకున్నాను. ఆమె నా చేతిలోని సీసాను చూసింది. ఆ చప్పుడు ఆగిపోయింది. చెయ్యెత్తి నోటికి అడ్డం పెట్టుకుంది. నా ఎదుట ఆమె అలా చేయడం అదే మొదటిసారి.

సీసా కింద పెట్టి ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"ఏమన్నావురా? మళ్ళీ చెప్పు."

"ఏం లేదు బావా, ఊరికే, నీ మీదే..."

"నా మీదైతే ఇంకా మంచిది. చెప్పు."

వాడు మళ్ళీ చెప్పాడు. రెండోసారి చెబితే ఏ హాస్యమైనా చప్పబడుతుంది. అదీ చప్పబడింది. ఆమె చెయ్యి తీయలేదు. నేను మాత్రం అక్కడే కూర్చుని, ఆ చేతి వైపు చూస్తూ, "ఇంకొకటి చెప్పు" అన్నాను.