ఎల్లుండి తెస్తానన్న గుండిగ

నేను ఒక ఇత్తడి గుండిగను. ఏళ్ళ తరబడి నన్నొక సందేహం తొలిచింది. "నాకెవరూ ఏమీ ఇవ్వలేదు, నా అంతట నేనే పైకొచ్చాను" అని చెప్పే మనిషి అబద్ధమాడుతున్నాడా, లేక నిజంగానే మరిచిపోయాడా? నాలో నలభై మందికి అన్నం ఉడుకుతుంది గాని, ఈ ఒక్క ప్రశ్న మాత్రం ఇన్నేళ్ళూ ఉడకలేదు.

నేను పుట్టింది ఇత్తడి పాత్రలకి పేరుపడ్డ అజ్జరంలో. నన్ను కొనుక్కున్నది మంగాయమ్మ. పెళ్ళిళ్ళకీ వ్రతాలకీ వంట చేసిపెట్టే మనిషి. కొన్నరోజే ఉలితో చుక్కలు చుక్కలుగా నా మీద 'పాలపర్తి మంగాయమ్మ' అని తన పేరు కొట్టించింది. చింతపండుతో తోమి, పసుపు రాసి, బొట్టు పెట్టింది. ఆ ముక్కోటికి నాలోనే చక్కెర పొంగలి వండి రామాలయానికి తీసుకెళ్ళింది. "ఏటా ఈ గుండిగలోనే నీకు నైవేద్యం స్వామీ" అని మొక్కుకుంది. మూడేళ్ళు ఆ మొక్కు చెల్లించింది కూడా.

నాలుగో ఏడు, పక్కింటి చంద్రరావు బస్టాండు ఎదురుగా భోజన హోటలు తెరిచాడు. ఆ రోజు పొద్దున్నే అతని డేగిసా అడుగు చిల్లుపడింది. పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా, రెండ్రోజులు మీ గుండిగ ఇత్తారా? ఎల్లుండి నేనే తెచ్చేత్తాను. ఒట్టండి!"

"ఒట్లెందుకురా, పట్టుకెళ్ళు. ఉండు, ఉత్తి పాత్ర ఇవ్వకూడదు" అంటూ ఆవిడ లోపలికి వెళ్ళి గుప్పెడు బియ్యం తెచ్చి నా అడుగున పోసింది. మా వైపు ఆడవాళ్ళ పద్ధతి అది. పాత్ర చేయి మారితే ఖాళీగా మారకూడదు. తిరిగి వచ్చేటప్పుడూ అంతే.

ఆ ఎల్లుండి రాలేదు.

చంద్రరావు కష్టపడలేదని నేననను. తెల్లవారకముందే లేచేవాడు, పొయ్యి సెగకి మొహం నల్లబడేది. అయితే ఆ పొయ్యి పెట్టిన గది అతని మేనమామది. మూడేళ్ళు అద్దె అడగలేదు. బియ్యం మామగారి పొలం నుంచి బళ్ళ మీద వచ్చేవి. మంగాయమ్మ కూడా తెల్లవారకముందే లేచేది. ఆవిడ చేతి పులిహోర ముందు చంద్రరావు పులిహోర ఎందుకూ పనికిరాదు. ఆవిడా రోడ్డు పక్కన టిఫిను బండి పెట్టింది. రోడ్డు వెడల్పు చేస్తున్నామని మూడుసార్లు తీయించేశారు. ఆవిడకి మేనమామ ఉన్నాడు గాని, బస్టాండు ఎదురుగా ఆయనకి గది లేదు. పెద్ద పాత్ర లేక పెళ్ళి వంటలూ తప్పిపోయాయి. చివరికి ఇళ్ళల్లో పిండి రుబ్బడానికి వెళ్తోందని హోటలుకొచ్చిన వాళ్ళు అనుకుంటుంటే విన్నాను.

ఒక్కసారి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. లోపల రద్దీ. "సాయంత్రం పంపిత్తానక్కా" అన్నాడు చంద్రరావు, తలెత్తకుండానే. ఆవిడ ఇంక రాలేదు. అభిమానం గల మనిషి.

తర్వాతెప్పుడో, చదువు రాని అతని భార్య రత్నవేణి నన్ను తోముతూ, "ఏవండీ, దీని మీద ఎవరిదో పేరుందండీ" అంది.

"పాత సామాన్లలో కొన్నదై ఉంటది. తోమెయ్."

అంతే. హోటలు రెండైంది, నాలుగైంది. ఆవిరితో వండే స్టీలు పాత్రలు వచ్చాయి. నన్ను సామాన్ల గదిలో, పేరు గోడవైపు తిప్పి బోర్లించారు.

ఆ గది తలుపు సందులోంచి నాకు కనబడేది ఒక్కటే. హాల్లో గాజుపెట్టె, అందులో ఎర్ర మఖమలు గుడ్డ మీద ఒక ఇనప గరిటె. కింద బంగారు అక్షరాలు: 'ఒక్క గరిటెతో మొదలైన ప్రయాణం'. వచ్చినవాళ్ళందరూ దాని పక్కన ఫొటోలు దిగేవారు. "నాకెవరూ ఏమీ ఇవ్వలేదండి" అని చంద్రరావు వాళ్ళకి చెప్పేవాడు. నా కడుపు మండిపోయేది. పొయ్యి మీద మండటం వేరు, అది వంటకి. ఇది ఉత్త మంట. పైగా ఆ గరిటె మొదటిది కూడా కాదు! మొదటిదాని కాడ ఊడిపోతే ఆరో ఏట సంతలో కొన్నది. నేను వండిన అన్నం వడ్డించడం తప్ప అది చేసిందేమిటి? రోజూ దాన్ని తుడుస్తారు. నా మీద బల్లులు తిరుగుతాయి.

ఒక్కోసారి నాకే సిగ్గేసేది. నా లోపలి తెల్లటి మెరుపు మాత్రం నాదా? కళాయి పూసిన మస్తానుది. ఆయన పేరు నేనెప్పుడైనా తలుచుకున్నానా? మళ్ళీ ఆ గరిటె కనబడేది. సిగ్గు పోయేది, కుళ్ళు మిగిలేది.

హోటలుకి ఇరవై అయిదేళ్ళు నిండిన పండగ వచ్చింది. దేవుడి నైవేద్యం ఇత్తడిలో వండాలని పంతులుగారు అనడంతో నన్ను బయటికి తీశారు. కళాయి వేయించి పొంగలి వండారు. పాత ఇరుగుపొరుగు వాళ్ళందరినీ పిలిచారు.

చంద్రరావు మైకు అందుకున్నాడు. "కట్టుబట్టలతో వచ్చానండి. ఈ ఒక్క గరిటే నా ఆస్తి. నాకెవ్వరూ గుప్పెడు బియ్యం కూడా ఇవ్వలేదండి!"

చప్పట్లు మోగాయి. గాజుపెట్టెలో ఆ గరిటె మరింత మెరిసినట్టనిపించింది.

తర్వాత ప్రసాదం తనే స్వయంగా వడ్డించాడు. వరసలో ఒక ముసలావిడ ఆకు దొన్నె పట్టుకుని నా ముందుకొచ్చి ఆగిపోయింది. వేళ్ళతో నా ఒంటి మీది చుక్కల్ని తడిమింది.

"ఏవే, ఇక్కడున్నావా?"

మంగాయమ్మ! ఆ వేళ్ళు నాకు తెలియవా?

"అక్కా, ఇది... మీదాండీ?" అన్నాడు చంద్రరావు. వడ్డించే గరిటె పక్కన పెట్టి వంగాడు. పేరు చదివాడు. మళ్ళీ చదివాడు. అతని మొహం చూస్తూ ఉన్నాను. అది దొరికిపోయినవాడి మొహం కాదు. నిజంగానే మరిచిపోయాడు. మరిచిపోవడానికి అతనికి వీలైంది, అంతే. ఆవిడకి వీలుకాలేదు.

"ఎల్లుండి తెత్తానన్నావు కదరా చంద్రం. ఎన్ని ఎల్లుండులైనయ్యో!" అని నవ్వింది మంగాయమ్మ. తర్వాత గొంతు తగ్గించి, "నీ మీద కుళ్ళుకోలేదని చెప్పను నాయనా. ముక్కోటికి చిన్న గిన్నెలో పొంగలి వండినప్పుడల్లా, రాముడి ముందే కుళ్ళుకున్నాను" అంది.

చంద్రరావు మిగతా వరసకి వడ్డించాడు. పొంగలి అయిపోగానే నన్ను తనే కడిగాడు. బియ్యం బస్తా తెప్పించి విప్పబోయాడు. ఫొటో అతను ముందుకొచ్చాడు.

మంగాయమ్మ బస్తా మీద చెయ్యి పెట్టింది. "వద్దురా. బస్తా పోత్తే అది నీ దానం అయిపోద్ది. నేనిచ్చింది గుప్పెడు. గుప్పెడే పొయ్యరా."

ఫొటో అతను వెనక్కి తగ్గాడు. చంద్రరావు చెయ్యి బస్తాలోకి వెళ్ళింది. ఎంత పట్టుకోవాలో తెలియనట్టు కాసేపు అక్కడే ఆగింది. చివరికి పిడికిలి బిగించి తీసి, నా అడుగున పోశాడు.

ఆటోలో ఆవిడ నన్ను ఒళ్ళో పెట్టుకుంది. గుంత వచ్చినప్పుడల్లా ఆ గుప్పెడు బియ్యం నాలో గలగలమంటూనే ఉంది.