పర్వా ఉంది

మా ఆడపడుచు వాళ్ళు ఆరుగురు రేపు భోజనానికి వస్తున్నారన్న సంగతి మా ఆయన శుక్రవారం పొద్దున, నేను ఇస్త్రీ చేసిచ్చిన చొక్కాకి బొత్తాలు పెట్టుకుంటూ చెప్పారు. సారీ, మొన్నే చెప్దామనుకుని మర్చిపోయానన్నారు. పర్వాలేదు అన్నాను. ఆయన మూడో బొత్తాం దగ్గర సారీ చెబితే నాలుగో బొత్తాం పెట్టుకునేలోపు నా జవాబు అయిపోయింది. శనివారం నాకు సెలవు. ఆ సెలవు కోసం సోమవారం నుంచి ఎదురుచూస్తున్నానన్న మాట ఆ రెండు బొత్తాల మధ్య పట్టలేదు.

నా ఉద్యోగం మార్కులు వేయడం. డౌన్ సిండ్రోమ్ ఉన్న పదహారు నుంచి పాతికేళ్ళ లోపు పిల్లలు నలుగురిలో ఎలా మసలుకుంటారో చూసి, ఇరవై అంశాలకి మూడేసి చొప్పున అరవైకి మార్కులు వేస్తాను. పలకరిస్తే పలుకుతారా, తమ వంతు వచ్చేదాకా ఆగుతారా, ఎదుటివాళ్ళ ముఖం చూసి మనసు కనిపెడతారా, ఇలాంటివి. నలభై రెండు వస్తే ఏదైనా పనిలో చేర్చుకుంటారు. ఒక్కటి తగ్గినా చేర్చుకోరు. "ఆ పిల్లలతో ఆడుకున్నందుకు జీతం కూడానా" అని మా ఆయన చుట్టాల ముందు జోకేస్తుంటారు. అందరూ నవ్వుతారు, టీ కప్పులు అందిస్తూ నేనూ నవ్వుతాను. సెంటర్లో మీటింగ్ జరిగిన ప్రతిసారీ, నలుగురు మగవాళ్ళు పెన్నులు పట్టుకుని కూర్చున్నా సరే, "మీ చేతిరాత ముత్యాలు మేడమ్" అంటూ మా డైరెక్టర్ గారు నోట్సు రాసే పని నాకే అంటగడతారు. ఆ ముత్యాలు పద్దెనిమిదేళ్ళుగా రాలుతూనే ఉన్నాయి.

కిందటి నెల సెంటర్లో ఈ మార్కుల ఫారాన్ని మామూలు మనుషుల మీద కూడా ఓసారి నింపించి చూద్దామన్నారు. స్టాఫ్ అందరం ఇళ్ళకి తీసుకెళ్ళాం. నాది మా ఆయనా అత్తగారూ కలిసి నింపారు. అరవైకి అరవై. ఎదురు చెప్తుందా అని అడగడమేంటమ్మా, మనింట్లో ఆ ప్రశ్నే దండగ అన్నారు అత్తగారు, ప్రేమగానే. ఆ రోజు నాకు గర్వంగా అనిపించింది. దాచుకోవడమెందుకు, నిజంగానే అనిపించింది. సెంటర్‌కి జిరాక్స్ ఇచ్చి, అసలుది బీరువాలో చీరల కింద దాచుకున్నాను.

ఆ శుక్రవారం వచ్చిన అమ్మాయికి పందొమ్మిదేళ్ళు. ఇంట్లో బుల్లెమ్మ అంటారట. వాళ్ళమ్మ టైలరు, మెడలో టేపు తీయడం కూడా మర్చిపోయి వచ్చింది. బుల్లెమ్మ లైబ్రరీలో పుస్తకాలు అరల్లో సర్దే పనికి దరఖాస్తు పెట్టుకుంది. సోమవారం చేర్చుకుంటారు, మళ్ళీ రెండేళ్ళ దాకా ఖాళీ ఉండదు. ఆ అమ్మాయి గదిలోకి వస్తూనే, "నీ చెప్పులు బాగున్నాయి మేడమ్. నీ ముఖం బాలేదు" అంది. ముఖం చూసి మనసు కనిపెట్టడం దగ్గర మూడు వేశాను.

పదిహేడో అంశం ఒక చిన్న నాటకం. పిల్లల చేత ఏదైనా రాయించి, దాని మీద గ్లాసుడు నీళ్ళు పొరపాటున పడ్డట్టు ఒలికించి, "అయ్యో సారీ" అనాలి. పర్వాలేదు అంటే మూడు. ఊరుకుంటే రెండు. అభ్యంతరం చెబితే ఒకటి. ఏడ్చినా అరిచినా సున్నా. ఇన్నేళ్ళలో ఎన్ని వందల కాగితాలు తడిపానో లెక్కలేదు. ఇది ఉంటుందని అమ్మలందరికీ తెలుసు, ఇంట్లోనే నేర్పించి పంపుతారు. చాలామంది నీళ్ళు కాగితం అంచు దాటకముందే పర్వాలేదు అనేస్తారు.

బుల్లెమ్మ పుస్తకాల పేర్లు అక్షర క్రమంలో రాస్తోంది. స్కేలు పెట్టి గీసుకున్న గీతల మీద పద్నాలుగు పేర్లు రాసింది. పదిహేనోది మొదలుపెడుతుంటే నీళ్ళు ఒలికించాను. సారీ అన్నాను.

ఆమె కాగితం వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"పర్వా ఉంది" అంది.

టెస్టులో మాట అందించకూడదు. అయినా "పర్వాలేదా?" అన్నాను.

"లేదు కాదు, ఉంది. చాలాసేపు రాశాను. నువ్వు గ్లాసు వైపు చూసి తోశావు." గొంతు పెంచలేదు. కిటికీ దగ్గరున్న గుడ్డ తెచ్చి నా చేతికిచ్చింది. "నువ్వు తుడు. నేను మళ్ళీ రాస్తా."

తుడిచాను. ఇంటా బయటా నేను తుడిచేవన్నీ ఇంకొకరు ఒలికించినవే. నేను ఒలికించింది నా చేతే తుడిపించినవాళ్ళు ఈ మధ్య ఎవరూ లేరు. ఆమె కొత్త కాగితం మీద మళ్ళీ మొదటి గీత గీస్తుంటే, నేను అభ్యంతరం కింద ఒకటి వేశాను. మిగతావి కూడా పూర్తయ్యాక కూడితే మొత్తం నలభై ఒకటి వచ్చింది.

బయట వాళ్ళమ్మకి చెప్పాను. ఆవిడ టేపు కొస చేతికి చుట్టుకుంటూ, తప్పు తనదేనంది. పర్వాలేదు అనమని రోజుకి వందసార్లు చెప్పిందట. ఉంటే ఉందనాలి కదమ్మా అని కూతురు ఎదురు పాఠం చెప్పేదట. ఇంకోసారి పెట్టండి మేడమ్, ఈసారి అనిపిస్తాను అని బతిమాలింది. గడియారం చూసి, "మీ భోజనం టైం కూడా దాటించేశాం, సారీ మేడమ్" అంది.

"పర్వాలేదు" అన్నాను.

బుల్లెమ్మ నా ముఖంలోకి చూసి, "ఉందమ్మా. మేడమ్‌కి ఉంది" అంది.

లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను. ఈ మాట నేను రోజుకి ఎన్నిసార్లు అంటానో ఎప్పుడూ ఆలోచించలేదు. నా పుట్టినరోజు మర్చిపోయినప్పుడు, నా పేరుండాల్సిన రిపోర్టు మీద డైరెక్టర్ గారి పేరొక్కటే ఉన్నప్పుడు, మా అమ్మ ఆపరేషన్‌కి వెళ్ళడం ఇప్పుడు కుదరదులే అని మా ఆయన అన్నప్పుడు. ఆ చివరిదానికి కూడా పర్వాలేదు అన్నానని గుర్తొచ్చి ఒళ్ళు మండింది. మా అమ్మ కళ్ళు తెరిచేసరికి పక్కన నర్సు తప్ప ఎవరూ లేరు. అన్నిసార్లూ నాకు మూడేసి మార్కులు పడ్డట్టే. ఈ గదిలో కూర్చుని వందలమంది పిల్లలకి కూడా అదే నేర్పించాను, వాళ్ళ కాగితాలు తడిపి మరీ. వాళ్ళల్లో ఒక్కతే నేను కావాలని తోశానని కనిపెట్టింది. కోప్పడకుండా చెప్పింది. తుడిపించింది. ఇంతకన్నా నలుగురిలో మసలుకోవడం ఏముంటుంది? ఒకటి కొట్టేసి మూడు వేశాను. మార్కు దిద్దితే పక్కన సంతకం పెట్టాలన్నది మా సెంటర్ నియమం. పెట్టాను. నలభై మూడు.

దిద్దిన మార్కు చూసి డైరెక్టర్ గారు పిలిచారు. మనసుతో మార్కులు వేస్తే ఎలాగన్నారు. రేపు లైబ్రరీకి వచ్చినవాళ్ళతో కూడా ఆ అమ్మాయి ఇలాగే అంటేనో అని అడిగారు.

"అనాలి సార్" అన్నాను. సంతకం నాదే కాబట్టి అడిగితే నేనే జవాబు చెప్పుకుంటానన్నాను. ఆయన కాసేపు ఫారం అటూ ఇటూ తిప్పి స్టాంపు వేశారు. సోమవారం మీటింగ్‌కి నోట్సు ఇంకెవరినైనా రాయమనండి అని కూడా చెప్పి వచ్చాను.

సాయంత్రం మా ఆయన బూట్లు విప్పుకుంటూ, వాళ్ళ బావ తమ్ముడి కుటుంబం కూడా వస్తారట, మొత్తం పదిమందన్నారు. "ఇప్పుడే ఫోన్ చేశారు, సారీ. పర్వాలేదు కదా?"

"పర్వా ఉంది" అన్నాను.

"అదేం తెలుగు?" అని నవ్వారు. నేను నవ్వలేదు. అత్తగారు టీవీ సౌండు తగ్గించారు.

"రేపు నాకు సెలవు. పొద్దున్నే మా అమ్మ దగ్గరికి వెళ్తున్నాను. మీరు పిలిచారు, మీరు వండండి. లేదంటే ఫోన్ చేసి వద్దనండి." గొంతు పెంచలేదు.

నేను గదిలోకి వెళ్ళి, బీరువాలో చీరల కింది నుంచి నా ఫారం తీశాను. పదిహేడో అంశం దగ్గర మా ఆయన వేసిన మూడు కొట్టేసి, అభ్యంతరం కింద ఒకటి వేసి, పక్కన సంతకం పెట్టాను.